ఎంసెట్ సరే... ఎక్కాలు వచ్చా?

ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలున్న తల్లులకు ఎండాకాలం వస్తోందంటేనే గుండెదడ. మా మదనపల్లె, పుంగనూరు, కుప్పం పక్క ఏ ఇంట్లో చూసినా ఒకటే మాట: "మావాడికి లెక్కల్లో మార్కులు రావడం లేదక్కా, ఇంకో కోచింగ్‌లో వేస్తే బాగుపడతాడేమో!" గాజులు కుదువపెట్టి ఫీజు కట్టే ముందు ఒక్క సంగతి చూడండి. వాడికి రానిది కాలిక్యులస్సా, భాగహారమా?

నవ్వకండి! 2023లో 'అసర్' సర్వేవాళ్లు దేశంలో 28 జిల్లాల పల్లెల్లో 14 నుంచి 18 ఏళ్ల పిల్లల్ని పరీక్షించారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు నూటికి 43 మందే!

మనం ఇంకా ఎంసెట్ అనే పిలుచుకునే పరీక్షకు మన రాష్ట్రంలో 2021 నుంచి ఈఏపీసెట్ అని పేరు. ఇంజనీరింగ్‌వాళ్లకు 3 గంటల్లో 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలే. ఒక్కో ప్రశ్నకు నిమిషం పైన కొద్ది సెకన్లు. కాలిక్యులేటర్ లోపలికి రానివ్వరు. ఫార్ములాలన్నీ కంఠతా వచ్చినా, పదిహేడు ఎనిమిదులెంతో తడుముకుంటే టైమంతా అక్కడే అయిపోతుంది.

చిన్న తరగతుల్లో పడిన సందును ఎవరూ పూడ్చరు. ఇంటర్‌లో సిలబస్ పరుగు. 'నాకు భాగహారం రాదు సార్' అని చెప్పడానికి పిల్లకాయలకు సిగ్గు. చివరికి 'నాకు బుర్ర లేదు' అనుకుంటారు. ఆడపిల్లయితే 'నీకు లెక్కలెందుకులే' అని గ్రూపే మార్పించేస్తాం. అసలు నష్టం ఇదీ!

ఇంట్లోనే ఈ చిన్న పరీక్ష పెట్టి చూడండి. కాగితం, పెన్సిలు చాలు.

1. మదనపల్లె మార్కెట్లో 25 కిలోల టమోటా పెట్టె 450 రూపాయలైతే, కిలో ఎంత? (18 రూపాయలు)

2. పుంగనూరు ఆవు పాలలో వెన్న 8 శాతం అనుకుంటే, 5 కిలోల పాలలో ఎంత? (400 గ్రాములు)

3. కుప్పం నుంచి రైలు 100 కిలోమీటర్లు రెండున్నర గంటల్లో పోతే, గంటకెంత వేగం? (40 కిలోమీటర్లు)

4. మైనస్ 7లో మైనస్ 3 తీసేస్తే? (మైనస్ 4. ఏడు రూపాయల అప్పులో మూడు మాఫీ అయినట్టు!)

5. సగానికి మూడోవంతు కలిపితే? (ఆరింట ఐదు వంతులు)

ఈ ఐదోదాంట్లో చాలామంది పైవి పైకి, కిందివి కిందికి కూడేసి 'ఐదింట రెండు' అంటారు. కోప్పడకుండా ఒక ఓళిగ తుంచి చూపండి. ఐదింట రెండంటే సగం కూడా లేదే! సగానికి ఇంకో ముక్క కలిపితే తగ్గుతుందా?

రోజూ రాత్రి భోజనాలయ్యాక 15 నిమిషాలు చాలు. మొదటి వారం 20 దాకా ఎక్కాలు, రెండో వారం భిన్నాలు, మూడో వారం శాతాలు, నాలుగో వారం ప్లస్సు మైనస్సులు. ఫోను పక్కన పెట్టించండి. తప్పు చేస్తే తిట్టకుండా, ఏ మెట్టు దగ్గర తప్పారో వాళ్లచేతే వెతికించి, ఓ నోటుబుక్కులో రాయించండి. పెద్ద లెక్కలు మీకు రాకపోయినా ఫరవాలేదు, ఎక్కాలు ఒప్పజెప్పించుకోవచ్చు కదా!

పాల లెక్క, చీటీ లెక్క ఈ నెల నుంచి వాళ్లకే అప్పగించండి. కోచింగ్ సంగతి ఆ తర్వాత ఆలోచిద్దురుగాని.