ఊరు మారారా? ఒంటికీ మనసుకూ కాస్త గడువివ్వండి

ఢిల్లీలోనో పుణెలోనో లారీకెక్కించిన సామాను వారం తిరక్కుండా మంగళగిరి చేరిపోతుంది. మంచాలు బిగిస్తారు, గ్యాస్ కనెక్షన్ వస్తుంది, మంచిరోజు చూసి పాలూ పొంగిస్తారు. ‘హమ్మయ్య, ఓ పనైపోయింది’ అనుకుంటారు. డాక్టర్లకు పని మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. మూడో వారంలో ఇంటాయనకు నిద్ర పట్టదు. బడి వేళకు బాబుకు కడుపునొప్పి. బామ్మ రాత్రి బాత్రూమ్‌కు వెళ్తూ పడిపోతుంది. ఇల్లాలికి ఉన్నట్టుండి కళ్లనీళ్లొస్తాయి. నలుగురినీ నలుగురు డాక్టర్లకు చూపిస్తారు. నలుగురి బాధకూ మూలం ఒకటేనన్న సంగతి మాత్రం ఏ చీటీలోనూ ఉండదు.

ఇలా వచ్చేవాళ్లు మన ప్రాంతానికి కొత్త కాదు. రాష్ట్ర విభజన తర్వాత 2016లో వెలగపూడికి సచివాలయం, దాని చుట్టూ శాఖాధిపతుల కార్యాలయాలు తరలినప్పుడు ఎంతోమంది ఉద్యోగులు హైదరాబాద్‌లో సంసారం, ఇక్కడ ఉద్యోగంగా రోజులు నెట్టుకొచ్చారు. ఆ తర్వాత మంగళగిరి ఎయిమ్స్ వచ్చింది. నీరుకొండలో ఎస్‌ఆర్‌ఎం, ఐనవోలులో విట్ విశ్వవిద్యాలయాలు వచ్చాయి. కేరళ, రాజస్థాన్ నుంచి నర్సులు, ఉత్తరాది నుంచి అధ్యాపకులు ఇక్కడ కాపురాలు పెట్టారు. 2025లో రాజధాని పనులు మళ్లీ ఊపందుకున్నాక ఈ రాకపోకలు ఇంకా పెరిగాయి. పరాయి రాష్ట్రాలవాళ్లు ఇబ్బంది ఉంటుందని ముందే సిద్ధపడి వస్తారు. పదిహేనేళ్లు బయట ఉండి తిరిగొచ్చే తెలుగు కుటుంబాలే ఎక్కువగా తడబడతాయి. ‘మన ఊరికేగా వస్తున్నాం, సర్దుకోవడానికేముంది’ అనుకుని వస్తారు. అలవాటు పడలేకపోతే తప్పు తమదేనని బాధపడతారు.

ఇందులో తప్పేమీ లేదు. 1967లో థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే ఇద్దరు అమెరికా వైద్యులు జీవితంలో వచ్చే 43 మార్పులకు మార్కులు వేశారు. జీవిత భాగస్వామి మరణానికి 100. ఇల్లు మారడానికి 20 మాత్రమే. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఇల్లొక్కటే మారదు కదా! పిల్లల బడి మార్పుకు 20, జీవన పరిస్థితుల మార్పుకు 25, పనివేళలు మారినందుకు 20, భార్యో భర్తో ఉద్యోగం మానినందుకు 26, స్నేహాలు, కాలక్షేపాలు మారినందుకు 18, నిద్రకు 16, తిండికి 15. కూడితే 160 అయింది. ఆ పట్టికలో 150 దాటితే జబ్బు పడే అవకాశం పెరుగుతుందని హెచ్చరిక. ఈ మార్కులను జాతకంలా నమ్మక్కర్లేదు, పాతకాలపు లెక్క. చిన్నచిన్నవన్నీ ఒకేసారి మీదపడితే పెద్ద భారమవుతుందన్న మాట మాత్రం ఇప్పటికీ నిజమే.

మందుల డబ్బా లారీ ఎక్కకూడదు

ఊరి మార్పులో నాకు అన్నిటికంటే భయం కలిగించేది మందులు తెగిపోవడం. పాత ఊళ్లో నెలనెలా ఇచ్చే మందులషాపు ఉంటుంది, ఫోన్ చేస్తే పలికే డాక్టరుంటారు. ఇక్కడికొచ్చాక డబ్బా ఏ అట్టపెట్టెలో ఉందో తెలియదు, చీటీ దొరకదు. ‘నాలుగు రోజులేగా’ అనుకుంటారు. ఆ నాలుగు రోజులు పది రోజులవుతాయి. మూర్ఛ మందు ఆగితే ఫిట్స్ తిరగబెడతాయి. గుండెలో స్టెంట్ వేయించుకున్నవారు క్లోపిడోగ్రెల్ లాంటి మాత్రలు ఆపితే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టే ప్రమాదముంది. మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటివి ఒక్కసారిగా మానేస్తే గుండె దడ, ఛాతీనొప్పి రావచ్చు. ఎక్కువకాలం వాడుతున్న స్టిరాయిడ్లు, నిద్రమాత్రలు, డిప్రెషన్ మందులు కూడా హఠాత్తుగా ఆపేవి కావు.

కాబట్టి బయల్దేరే ముందే రెండు నెలలకు సరిపడా మందులు తీసుకోండి. అవి మీ చేతిసంచిలోనే ఉండాలి. ప్రతి మాత్రనూ కంపెనీ పేరుతో కాదు, అట్ట మీద చిన్నక్షరాల్లో ఉండే అసలు మందు పేరుతో, మోతాదుతో ఒక కాగితం మీద రాయించుకోండి. ఢిల్లీలో దొరికే కంపెనీ మందు మంగళగిరిలో దొరక్కపోవచ్చు, అసలు పేరుంటే అదే మందు ఇంకో పేరుతో దొరుకుతుంది. పాత ఈసీజీ, డిశ్చార్జి సమ్మరీలను ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఇప్పుడు తీసిన ఈసీజీలో తేడా కొత్తదా పాతదా అన్నది మాకు తెలిసేది పాతది పక్కన పెట్టి చూసినప్పుడే.

టీబీ మందులు వాడుతున్నవారు నిక్షయ్ నంబరు చూపిస్తే కొత్త ఊళ్లోని ప్రభుత్వ కేంద్రంలో చికిత్స కొనసాగుతుంది, మళ్లీ మొదటినుంచీ పరీక్షలన్నీ చేయించుకోనక్కర్లేదు. గర్భిణులు తల్లీబిడ్డల రక్షణ కార్డును, పిల్లలున్నవారు టీకాల కార్డును నగలతో సమానంగా చూసుకోవాలి.

ఇన్సులిన్ సంగతి వేరుగా చెప్పాలి. వాడుతున్న సీసా మామూలు గది వేడిలో సుమారు నెల రోజులు బాగుంటుందని చెబుతారు. ఆ ‘మామూలు’ అంటే 25 నుంచి 30 డిగ్రీలు. మన మే నెలలో అర్ధరాత్రి కూడా గది అంత చల్లగా ఉండదు. ఫ్రిజ్ ఇంకా బిగించకపోతే కొత్త మట్టికుండలో తడి ఇసుక పోసి, మూతపెట్టిన చిన్న డబ్బాలో సీసా ఉంచి అందులో పెట్టండి. రైల్లో అయితే చల్లటి సంచిలో, ఐసుగడ్డకు తగలకుండా. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు.

ఇక్కడి ఎండ వేరు

‘డాక్టర్‌గారూ, మేం నాగ్‌పుర్‌లో 45 డిగ్రీలు చూశాం, ఈ 40 ఓ లెక్కా’ అంటుంటారు కొత్తగా వచ్చినవాళ్లు. లెక్కే. అక్కడ గాలి పొడిగా ఉంటుంది, చెమట ఆరిపోతూ ఒంటిని చల్లబరుస్తుంది. కృష్ణా తీరంలో గాలిలోనే తేమ. చెమట కారుతుంది తప్ప ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఉత్తరాది నుంచి ముచ్చటపడి తెచ్చుకున్న ఎయిర్‌కూలర్ ఇక్కడ గదిని ఆవిరి పట్టించినట్టు చేసేదీ అందుకే. కొత్త వేడికి శరీరం అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ పదిహేను రోజులూ నడక, వ్యాయామం తెల్లవారుజామునే, అదీ సగమే.

బీపీ మాత్రలు వేసుకునే పెద్దలు ఒక్కసారి అట్ట తిప్పి చూడండి. మాత్ర పేరు చివర ‘హెచ్’ అనో ‘సీటీ’ అనో ఉంటే అందులో ఒంట్లోని నీటిని, ఉప్పును మూత్రంలో పంపించే మందు కలిసి ఉండొచ్చు. చల్లని ఊళ్లో సరిపోయిన మోతాదు ఇక్కడి చెమటకు ఎక్కువ కావచ్చు. అలాంటివారు ‘ఎండలు కదా’ అని చెంబులకొద్దీ ఉత్త నీళ్లే తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. నీరసం, వికారం, తడబాటు, పొంతన లేని మాటలు కనిపిస్తాయి. ఇంట్లోవాళ్లు వయసు ప్రభావమనుకుంటారు. నిజానికి ఒక చిన్న రక్తపరీక్షతో తేలిపోయే సంగతి. మాత్రను మీరే ఆపకండి. వచ్చిన రెండు వారాల్లోపు బీపీ, సోడియం, పొటాషియం చూపించుకుని మోతాదు అడగండి.

నీళ్లు మారితే మొదటి రోజుల్లో విరేచనాలు మామూలే. కాచి చల్లార్చిన నీళ్లు తాగండి. ఓఆర్‌ఎస్ పొడి పెద్ద ప్యాకెట్టును లీటరు నీళ్లలో పూర్తిగా కలపాలి. గ్లాసులో కాస్త చల్లుకుని తాగితే ఉపయోగం లేదు. విప్పని అట్టపెట్టెల వెనక, బాల్కనీలో వదిలేసిన బకెట్లలో, ఆ కూలర్ అడుగున నిలిచే నీళ్లను వారానికోసారి పారబోయండి. డెంగీ దోమ గుడ్డు నుంచి బయటికి ఎగరడానికి వారం పదిరోజులు చాలు.

తిండి గురించి ఒక్క మాట. రొట్టెలు మాని మూడుపూటలా అన్నంలోకి మారినవారికి షుగరు పెరుగుతుంది, పచ్చళ్ల ఉప్పుకు బీపీ పెరుగుతుంది. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడేవారు కొత్తగా రోజూ గోంగూర, తోటకూర మొదలుపెడితే ఐఎన్‌ఆర్ మారిపోతుంది, ముందే చూపించుకోండి. కొండమీద పానకాలస్వామి పానకం తాగొచ్చా అని షుగరు ఉన్న ప్రతి కొత్తవారూ అడుగుతారు. ఉద్ధరిణెడు తీర్థంలా అయితే సరే, బాటిల్ నింపుకుని ఇంటికి తెచ్చుకుంటే మాత్రం బెల్లం బెల్లమే.

బామ్మకు దిక్కులు తెలియట్లేదు

‘ఈ ఇంట్లో నాకు తూర్పేదో పడమరేదో తెలియట్లేదు బాబూ’ అనే పెద్దవాళ్ల మాటను తేలిగ్గా తీసుకోవద్దు. నలభై ఏళ్లు ఒకే ఇంట్లో ఉన్నవారు రాత్రిపూట కళ్లతో నడవరు, అలవాటుతో నడుస్తారు. నిద్రమత్తులో కాళ్లు పాత ఇంటి బాత్రూమ్ వైపే వెళ్తాయి. అక్కడ ఇప్పుడు గోడ ఉంటుంది, లేదా మెట్టు ఉంటుంది. తుంటి ఎముక విరిగితే ఆ వయసులో మంచం దిగడమే కష్టం. కాబట్టి వంటగదికంటే ముందు పెద్దవాళ్ల గది సర్దండి. పాత ఇంట్లో మంచానికి ఏ వైపు దిగేవారో ఇక్కడా ఆ వైపే దిగేలా వేయండి. బాత్రూమ్ దాకా రాత్రంతా చిన్న దీపం, కమోడ్ పక్కన పట్టుకోవడానికి కడ్డీ ఉండాలి. దేవుడి పటం, పాత గడియారం, ఆవిడ కుర్చీ మొదటిరోజే కళ్లముందు పెట్టండి.

మతిమరుపు జబ్బు ఉన్నవారిలో ఊరి మార్పుతో అయోమయం పెరగడం సహజం. అయితే రెండు మూడు రోజుల్లోనే హఠాత్తుగా మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, పగలు మత్తు, రాత్రి కేకలు మొదలైతే అది ‘బెంగ’ కాదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, సోడియం తగ్గడం, మలబద్ధకం, మందుల తేడా.. వీటిలో ఏదో ఉంటుంది. ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి.

పిల్లల కడుపునొప్పి, ఇల్లాలి మౌనం

సోమవారం పొద్దున వచ్చి ఆదివారం మాయమయ్యే కడుపునొప్పి నాటకం కాదు. ఆ నొప్పి నిజంగానే వస్తుంది, కారణం బడి గేటు దగ్గరుంటుంది. జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి, వాంతులు ఉంటే పరీక్షలు చేయించాలి. లేకపోతే బడిలో ఏం జరుగుతోందో నెమ్మదిగా అడగండి. హైదరాబాద్ నుంచి వచ్చిన పిల్లాడి మాటతీరును ఇక్కడి తోటిపిల్లలు వెక్కిరిస్తారు. ఢిల్లీలో పెరిగిన పిల్లకు తెలుగు చదవడం రాదు. ఇంట్లోనూ ‘అలా కాదు, ఇలా అనాలి’ అని దిద్దడం మొదలుపెడితే వాళ్లు నోరే మూసేసుకుంటారు. యాసను వదిలేయండి, అదే కలుస్తుంది. మానేసిన పక్కతడపడం మళ్లీ మొదలైతే తిట్టొద్దు. పాత స్నేహితులతో వారానికోసారి వీడియోకాల్ మాట్లాడనివ్వండి. ఇక్కడ సాయంత్రం ఆడుకోవడానికి ఒక్క స్నేహితుడు దొరికేదాకా ట్యూషన్ సంగతి ఆగొచ్చు.

ఎవరూ అడగని మనిషి ఇంటి ఇల్లాలు. భర్తకు ఆఫీసుంది, పిల్లలకు బడి ఉంది. ఆమె పాత ఊళ్లో ఉద్యోగం మానుకుని, పదేళ్ల ఇరుగుపొరుగును వదులుకుని వచ్చి అట్టపెట్టెల మధ్య కూర్చుంది. ‘ఏమీ లేదండీ, నీరసం’ అంటుంది ఓపీలో. ముందు రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేస్తాం. అన్నీ మనసు మీదికి నెట్టేయడమూ సరికాదు. అవి బాగుంటే, ఊరు మారిన మూడు నెలల్లోపు మొదలైన దిగులు, చిరాకు, ఏకాగ్రత లేకపోవడాన్ని సర్దుబాటు సమస్యగా వైద్యశాస్త్రం గుర్తిస్తుంది. పరిస్థితులు కుదుటపడితే ఆర్నెల్లలో చాలావరకు తగ్గుతుంది. 1688లో యోహానెస్ హోఫర్ అనే స్విట్జర్లాండ్ వైద్య విద్యార్థి ఇంటి బెంగను జబ్బుగా భావించి ఏకంగా సిద్ధాంత వ్యాసమే రాశాడు, అంత పాత బాధ ఇది. ఆమెకు కావాల్సింది ‘సర్దుకుపో’ అనే మాట కాదు. తనదైన ఒక పని, తనను పేరుతో పిలిచే ఒకరిద్దరు మనుషులు, పిల్లల బాధ్యత మరొకరు తీసుకునే ఓ గంట. మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటానంటే దాన్ని ‘స్థిరపడ్డాక చూద్దాం’ అని వాయిదా వేయకండి. స్థిరపడటానికి ఆమెకున్న మార్గం అదే కావచ్చు.

నిద్ర సంగతి వేరు. కొత్తచోట మొదటి రాత్రి మెదడులో ఒక సగం కాస్త మెలకువగానే కాపలా కాస్తుందని 2016లో బ్రౌన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. పాత దిండు, పాత దుప్పటి, పాత నిద్రవేళ ఉంటే ఈ కాపలా త్వరగా సడలుతుంది. నిద్రమాత్రలతో పని లేదు, మందుతో అసలే లేదు. కుటుంబం అక్కడ, ఉద్యోగం ఇక్కడగా ఉండే మగవాళ్లలో సాయంత్రాల ఒంటరితనం మద్యంగా మారడం చాలా చూస్తుంటాం. శుక్రవారం రైలెక్కి ఆదివారం రాత్రి తిరిగొచ్చేవారు రెండుచోట్లా అతిథులుగానే మిగిలిపోతారు. నెలలో ఒక వారాంతం వాళ్లు వెళ్లకుండా కుటుంబాన్నే ఇక్కడికి రప్పించండి. పిల్లలు ఇక్కడి వీధులు చూస్తారు, మీరు ఒక్కరోజైనా ఆ గదిని ఇల్లులా వాడుకుంటారు.

దిగులు రోజంతా, రెండు వారాలకు మించి ఉంటే, తిండి, నిద్ర, పని మూడూ దెబ్బతింటే ఆరు నెలలు ఆగక్కర్లేదు, మానసిక వైద్యుల్ని కలవండి. చనిపోవాలన్న మాట నోట వస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు, ఒంటరిగా వదలొద్దు. టెలీమానస్ నంబరు 14416. ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. బాధపడే మనిషి ఫోన్ చేయలేకపోతే ఇంట్లో ఎవరైనా చేసి ఏం చేయాలో అడగొచ్చు.