మాఫీ మాట విని కిస్తీ ఆపకండి

బాపట్ల నుంచి సూర్యలంక వెళ్లే దారిలో నాకు తెలిసిన ఒక కుటుంబం ఉంది. తండ్రి దర్జీ పని చేస్తారు. బ్యాంకులో అప్పు తీసుకుని కూతురిని నర్సింగ్ చదివించారు. ఆ అమ్మాయి ఇప్పుడు ప్రభుత్వాసుపత్రిలో కాంట్రాక్టు నర్సు. మొన్న జుమా నమాజు తర్వాత ఆయన నన్ను ఆపి, "మౌల్వీసాబ్, అమెరికాలో సర్కారు కొలువు చేసేవాళ్లకు చదువు అప్పు మాఫీ అట. మనకూ వస్తుంది, కిస్తీ కట్టొద్దంటున్నారు. ఆపేదా?" అని అడిగారు. బ్యాంకు కాగితాల మీద కూతురి సంతకం పక్కన ఉన్నది ఆయన సంతకమే.

ఆయన విన్నది అబద్ధం కాదు, సగం నిజం. 2008లో కేంద్రం, 2014లో మన రాష్ట్రం ప్రకటించిన రైతు రుణమాఫీలను చూసిన మనకు మాఫీ అంటే కట్టకపోయినా పోయే అప్పు అనిపిస్తుంది. అమెరికా పద్ధతి అది కాదు. 2007లో అక్కడ చేసిన చట్టం ప్రకారం ప్రభుత్వంలో గాని, లాభాపేక్ష లేని సంస్థలో గాని పూర్తికాలం పనిచేస్తూ 120 నెలసరి కిస్తీలు కట్టాలి. అంటే కనీసం పదేళ్లు. ఆ తర్వాత మిగిలిందే మాఫీ. అదీ అక్కడి కేంద్ర ప్రభుత్వం నేరుగా ఇచ్చిన అప్పుకే. మన బ్యాంకులో అప్పు చేసి అక్కడ చదువుకుంటున్న పిల్లలకు ఇది వర్తించదు.

అర్హులకైనా అది తేలిగ్గా రాలేదు. 2018లో వెలువడిన లెక్కల్లో నూటికి ఒక్క దరఖాస్తు కూడా ఆమోదం పొందలేదు. కొందరికి కిస్తీలు చాలలేదు, కొందరి అప్పు వేరే రకం, కొందరి కాగితాలు అసంపూర్తి. తర్వాత నిబంధనలు సడలించాక, 2024 నాటికి పది లక్షల మందికి పైగా ఊరట దొరికింది. యజమాని ధ్రువపత్రం ఏటా తీసుకుని, ప్రతి రసీదూ దాచుకున్నవారికి పని సులువైంది.

మన దేశంలో నర్సుకు గాని, టీచరుకు గాని ఇలాంటి మాఫీ పథకం లేదు. మైనారిటీ విద్యార్థుల విదేశీ చదువుకు వడ్డీ రాయితీ ఇచ్చిన 'పఢో పర్‌దేశ్' కూడా 2022-23 నుంచి ఆగిపోయింది. ఉన్నవాటిని వాడుకోవాలి. కుటుంబ ఆదాయం ఏటా నాలుగున్నర లక్షల లోపు ఉంటే, నిబంధనలకు తగిన కళాశాలల్లో వృత్తివిద్య చదివేవారికి, కోర్సు కాలం, ఆపై ఏడాది వడ్డీని కేంద్రం భరిస్తుంది. అప్పు తీసుకునేటప్పుడే బ్యాంకులో అడగాలి. పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టేవారికి చదువు అప్పు వడ్డీ మీద ఎనిమిదేళ్ల వరకు మినహాయింపు ఉంది.

జీతం చాలకపోతే కిస్తీ ఆపకండి. గడువు పెంచి కిస్తీ తగ్గించమని బ్యాంకుకు రాతపూర్వకంగా అడగండి. 90 రోజులు బకాయి పడితే అది మొండిబాకీ లెక్కలోకి పోతుంది. బిడ్డతో పాటు హామీదారు పేరూ చెడుతుంది.

వడ్డీ అప్పు తీసుకోవచ్చా అన్నది ఉలమాను అడగవలసిన మాట. తీసుకున్న అప్పు మాత్రం అమానత్. అప్పు మిగిల్చి చనిపోయిన ఒక వ్యక్తి జనాజా నమాజుకు దైవప్రవక్త (స) ముందుకు రాలేదు. ఆ అప్పు నేను తీరుస్తానని అబూ ఖతాదా (రజి) మాట ఇచ్చాకే నమాజు చేయించారని హదీసు గ్రంథాల్లో ఉంది. జకాత్‌కు హక్కుదారులైన ఎనిమిది వర్గాల్లో రుణగ్రస్తులూ ఉన్నారు. మన మొహల్లాలో చదువు అప్పుతో నలిగే కుటుంబం ఎవరిదో మసీదు పెద్దలు కనుక్కోవాలి. బంధువుల్లో స్తోమత ఉన్నవారు నాలుగు కిస్తీలకు ఖర్జె హసనా ఇచ్చినా ఆ ఇల్లు నిలబడుతుంది.

ఆ తండ్రికి ఇదంతా చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే ఈ నెల కిస్తీ సోమవారమే కట్టేస్తా మౌల్వీసాబ్. గడువు పెంచమని అర్జీ మీరు రాసిపెట్టండి" అన్నారు. ఆదివారం అసర్ తర్వాత కూర్చుని రాశాము.