అమ్మ తిన్న చేపనూనె పాపాయి ఊపిరికి ఎలా మేలు చేస్తుంది?

కడుపుతో ఉన్నప్పుడు అమ్మ తిన్నదానికీ, నాలుగేళ్ల తర్వాత పిల్లాడి ఛాతీలో వినిపించే పిల్లికూతలకూ సంబంధం ఉంటుందా?

డెన్మార్క్ డాక్టర్లు 736 మంది గర్భిణులతో పరీక్షించి చూశారు. ఆరో నెల నుంచి సగం మందికి రోజూ 2.4 గ్రాముల ఒమేగా-3 కొవ్వు అందేలా చేపనూనె మాత్రలిచ్చారు. మిగతావారికి ఆలివ్ నూనె. ఎవరు ఏది మింగుతున్నారో తల్లులకూ తెలియదు, డాక్టర్లకూ తెలియదు! 2016లో ఫలితాలు బయటికొచ్చాయి. ఆలివ్ నూనె జట్టు పిల్లల్లో 23.7 శాతం మందికి ఆస్తమా లేదా విడవని పిల్లికూతలు. చేపనూనె జట్టులో 16.9 శాతమే.

ఎందుకిలా? శ్వాసనాళాలను వాపెక్కించి, బిగుసుకునేలా చేసే కొన్ని రసాయనాలను శరీరం ఒమేగా-6 కొవ్వుతో తయారుచేస్తుంది. ఒమేగా-3 దానికి పోటీకొచ్చి ఆ తయారీని తగ్గిస్తుంది. కారణం ఇదే కావచ్చని అంచనా.

రక్తంలో ఒమేగా-3 బాగా తక్కువున్న తల్లుల పిల్లలకే ఎక్కువ మేలు జరిగింది. పిల్లల్లో తామర (ఎగ్జిమా) మాత్రం తగ్గలేదు.