తోడేలు మనుష్యుని కథ మాఱిన విధము

రాత్రివేళ తోడేలై తిరిగి, మరల మనుష్యుడగు వానిని గూర్చిన కథలు ఐరోపా ఖండమున రెండువేల యేండ్లకు పైగా చెప్పుకొనబడుచున్నవి. ఆంగ్లేయులు వానిని వేర్‌వుల్ఫ్ అందురు. ప్రాచీనాంగ్లమున వేర్ అనగా మనుష్యుడు. ఇట్టి జంతువు ఎన్నడును లేదని మన విద్యార్థులలో చిన్నవారు సైతము ఎఱుగుదురు. లేనిదానిని గూర్చి వ్రాయనేల యని చదువరులు మమ్ము అడుగవచ్చును. తోడేలు లేకున్నను, దానిని గూర్చి భయపడినవారును, దాని పేర శిక్ష పొందినవారును నిజముగా నుండిరి. అందుచే ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మొదట ఈ రూపము పాపమునకు శిక్షగా కనబడుచున్నది. రోమక కవియగు ఓవిడు క్రీస్తు శకము 8వ సంవత్సర ప్రాంతమున రచించిన కావ్యములో లైకేయను అను రాజు కథ గలదు. అతిథి నిజముగా దేవుడో కాడో పరీక్షింపనెంచి ఆ రాజు నరమాంసమును వండి వడ్డించెను. వెంటనే అతని యిల్లు కూలిపోయెను. అతడు పొలములకు పారిపోయి, మాటలాడబోయి ఊళ పెట్టెను. క్రూరుడు తన మనస్సుకు తగిన దేహమును పొందెనని కవి భావము. బైబిలు చదువువారికి ఇచ్చట నెబుకద్నెజరు జ్ఞప్తికి వచ్చును. ఆ రాజు కూడ గర్వముచే పశువువలె గడ్డి మేసెను. కాని ఆకాశమువైపు చూచినపుడు అతనికి మానవబుద్ధి మరల కలిగెను. లైకేయనునకు తిరిగి వచ్చు త్రోవ లేదు.

పండ్రెండవ శతాబ్దమున కథకులు ఆ త్రోవను వెదకిరి. మారీ ద ఫ్రాన్స్ అను కవయిత్రి చెప్పిన కథలో ఒక మంచి వీరుడు వారమునకు మూడు దినములు తోడేలై యుండును. విడిచిన బట్టలు మరల తొడిగినగాని మనుష్యుడు కాలేడు. భార్య ఆ రహస్యము నెఱిగి బట్టలను దొంగిలింపించెను. వేటకు వచ్చిన రాజు పాదమును ఆ తోడేలు ముద్దిడగా, దీనికి మనుష్యబుద్ధి గలదని రాజు కనిపెట్టి కాపాడెను. ఇచ్చట దోషము తోడేలుది గాదు, నమ్మకద్రోహము చేసినవారిది.

తరువాత కథ న్యాయస్థానమున కెక్కెను. అచ్చట దయ అడుగంటెను. 1589లో జర్మనీలోని బెడ్‌బర్గ్‌లో పీటర్ స్టంప్ అనువానిని పట్టిరి. చిత్రహింసకు వెఱచి, సైతాను తనకు ఒక నడికట్టు నిచ్చెననియు, దానిని కట్టుకొని తోడేలై పలువురిని చంపితిననియు అతడు ఒప్పుకొనెను. ఆ నడికట్టు వెదకగా దొరకలేదు. సైతానే మరల తీసికొనిపోయి యుండునని 1590 నాటి కరపత్రము చెప్పినది! అతనికి ఘోరమైన మరణదండన జరిగెను. ఆ కాలమున అడవులలో తోడేళ్లు మెండు. అవి మందలపైనను, ఒక్కొక్కపుడు పిల్లలపైనను పడుచుండెను. దుఃఖించు జనులకు నిందింప నొకడు కావలసి యుండెను.

ఈ చీకటిలో 1603వ సంవత్సరము గమనింపదగినది. ఫ్రాన్సుదేశమున జాన్ గ్రెనియే అను పదుమూడు పదునాలుగేండ్ల బాలుడు, తాను తోడేలునై పిల్లలను తింటినని పసులకాపరి బాలికలతో చెప్పెను. అతడు ఇల్లు విడిచి బిచ్చమెత్తుకొనువాడు. బోర్డో న్యాయాధిపతులు అతని వయస్సును, మందబుద్ధిని, ఆలనపాలన లేని స్థితిని విచారించి, తోడేలగుట భ్రమయని తలంచి, అతనిని చంపక జీవితకాలము మఠములో నుండ నాజ్ఞాపించిరి. అది స్వేచ్ఛ గాదు. అయినను వారు తోలును వెదకుట మాని బాలుని చూచిరి.

నేటి తోడేలు మనుష్యుడు చాలవఱకు 1941లో అమెరికాలో వెలువడిన వుల్ఫ్ మ్యాన్ అను చలనచిత్రమునుండి పుట్టినవాడు. దాని కథకుడు కర్ట్ సియోడ్‌మాక్ నాజీల పాలనలో జర్మనీని విడిచిన యూదుడు. కథానాయకుడు ఒకతెను రక్షింపబోయి కాటు తినును. తాను కోరని కీడునకు తానే వెఱచును. వెండిచే చావు, పున్నమినాటి మార్పు మిక్కిలి పురాతనమని పలువురు తలంతురుగాని, ఇట్టి చిత్రములవలననే అవి లోకమంతట వ్యాపించినవి. 1999లో రౌలింగు ప్రకటించిన హారీ పాటర్ మూడవ గ్రంథములో అట్టివాడు ఉపాధ్యాయుడే. చిన్ననాట కాటుపడిన ఆ సాధువు, రహస్యము బయటపడగానే తలిదండ్రులు ఒప్పుకొనరని తానే కొలువు విడుచును. ఎయిడ్సువంటి వ్యాధులు గలవారిని లోకము వెలివేయు తీరును తలచి ఈ పాత్రను కల్పించితినని రచయిత్రి తెలిపినది.

ఇది పరదేశపు కథయని మనము త్రోసివేయరాదు. మన తెలుగు పల్లెలలోను బిడ్డకు జబ్బు చేసినపుడో పశువు చచ్చినపుడో, చేతబడి యనియు బాణామతి యనియు చెప్పి దిక్కులేనివారిని కొట్టుటయు, చంపుటయు జరిగినవి. అచ్చటను సాక్ష్యము దొరకకపోవుటయే సాక్ష్యముగా ఎంచబడినది. ఊరివారు ఒకనిని వేలు చూపి మృగమన్నపుడు, మనము కూడ కఱ్ఱ పట్టుటకు ముందు, బోర్డో న్యాయాధిపతులవలె ఆ మనుష్యుని ముఖమును చూడవలెను. చదువు నేర్చినందుకు మన పిల్లలనుండి మేము కోరునది ఇంతమాత్రమే.