సరస్సు తిరగబడిన వారం

మిన్నియాపోలిస్ నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. ఆయన ఆఫీసులో ఒక అమెరికన్ పెద్దాయనకు మస్కీ చేపల పిచ్చి. ఏటా అక్టోబరులో సెలవు పెట్టి పడవేసుకుని పోతాడట. ఈసారి మూడోనాటికే తిరిగొచ్చి, "లేక్ తిరగబడింది, ఇక వారం పాటు చేప పడదు" అన్నాడట. నిండా నీళ్ళున్న సరస్సు తిరగబడటమేమిటండీ, నన్ను ఆటపట్టిస్తున్నాడా అని ఆయన ప్రశ్న. లేదు, ఆటపట్టించడం లేదు. ఈ నెలకు వేరే వ్యాసం అనుకున్నాను కానీ ఈ ప్రశ్న చదివాక దాని మీద మనసు నిలవలేదు.

మస్కీ గురించి ముందు నాలుగు ముక్కలు. పూర్తి పేరు మస్కెలంజ్. ఉత్తర అమెరికా మంచినీటి చేప, పైక్ కుటుంబంలో అన్నిటికన్నా పెద్దది, నాలుగడుగులు దాటి పెరుగుతుంది. విస్కాన్సిన్ రాష్ట్ర చేప అదే. పదివేల సార్లు గాలం విసిరితే గానీ ఒకటి చిక్కదని నానుడి. అంత అరుదుగా చిక్కే చేప చుట్టూ సిద్ధాంతాలు పుట్టకుండా ఉంటాయా! వాటి సంగతి తర్వాత. ముందు సరస్సు.

ఎండాకాలంలో అక్కడి లోతైన సరస్సులు పొరలుగా విడిపోతాయి. పైన 22, 24 డిగ్రీల వెచ్చటి నీరు, అడుగున దాంట్లో సగం వేడి కూడా లేని నీరు. రెంటి నడుమ కొద్ది మీటర్లలోనే ఉష్ణోగ్రత గబగబా పడిపోయే పట్టీ ఒకటుంటుంది. దాన్నే థెర్మోక్లైన్ అంటారు. పై నీటికి గాలి తగులుతుంది, ఆక్సిజన్ అందుతుంది. కింది నీటికి ఆ దారి మూసుకుపోతుంది. పైనుంచి రాలిన నాచూ ఆకులూ అడుగున కుళ్ళుతూ, ఉన్న కాస్త ఆక్సిజన్‌నీ తినేస్తాయి. ఆగస్టు నాటికి సారవంతమైన సరస్సుల అడుగున చేప బతికే వీలుండదు. మాడిసన్ నగరం పక్కనున్న మెండోటా సరస్సులో ఈ లెక్కలు తీసినవాళ్ళు ఎడ్వర్డ్ బర్జ్, చాన్సీ జుడే. బర్జ్ మొదట నీటిలోని చిన్న చిన్న జీవుల మీద పనిచేసిన జంతుశాస్త్రవేత్త. అవి ఏ లోతున ఎందుకుంటాయో వెతుకుతూ పోయి, చివరికి సరస్సు శ్వాసనే కొలిచాడు. 1911లో ఇద్దరూ అచ్చువేసిన పుస్తకం విస్కాన్సిన్ సరస్సుల్లో కరిగి ఉన్న వాయువుల గురించే.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. 25 డిగ్రీల నీటికీ 24 డిగ్రీల నీటికీ లీటరు బరువులో తేడా సుమారు పావు గ్రాము. అదే 5 డిగ్రీలకీ 4 డిగ్రీలకీ మధ్య తేడా 0.008 గ్రాములు. రెండుచోట్లా తేడా ఒక్క డిగ్రీయే, బరువులో మాత్రం ముప్ఫై రెట్ల వ్యత్యాసం! జులైలో ఎంత గాలి వీచినా పై పొర కింది పొరలోకి దిగదు. అంత తేలికైన నీటిని కిందికి తొయ్యడం గాలి వల్ల కాదు. ఆకులు రాలే కాలంలో రాత్రిళ్ళు చలి పెరిగేకొద్దీ పైనీరు చల్లబడి, బరువెక్కి, తన బరువుకు సరిపోయే లోతు దాకా దిగుతుంది. థెర్మోక్లైన్ వారం వారం కిందికి జరుగుతుంది. పై నీరూ కింది నీరూ దాదాపు ఒకే బరువుకు వచ్చాక ఒక మామూలు ఈదురుగాలి చాలు, సరస్సు మొత్తం కలిసిపోవడానికి.

చాలామంది జాలరులు పెనం మీద దోసె తిరగేసినట్టు ఒక్క రాత్రిలో జరిగిపోతుందనుకుంటారు. కాదు. ఒక చదరపు మీటరు మేర, 10 మీటర్ల లోతు నీళ్ళు తీసుకోండి: 10 టన్నులు. అది ఒక్క డిగ్రీ చల్లబడాలంటే 4 కోట్ల 20 లక్షల జౌళ్ళ వేడి పోవాలి. రాత్రింబవళ్ళు 100 వాట్ల చొప్పున పోతోందనుకున్నా దాదాపు 5 రోజులు పడుతుంది. గాలి ఒక్క రాత్రిలో 10 డిగ్రీలు చల్లబడ్డా సరస్సుకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. పెద్దాయన చూసింది వారాల తరబడి సాగిన పనిలో ఆఖరి ఘట్టం: అడుగు నీరు పైకొచ్చి, కుళ్ళిన గుడ్ల వాసనేసి, ముక్కలు ముక్కలుగా నాచు తేలిన రోజులు. అన్ని సరస్సులూ ఇలా కావు. మిన్నియాపోలిస్‌కు ఉత్తరాన ఉన్న మిల్లె లాక్స్ చాలా విశాలమైనది, లోతు మాత్రం 13 మీటర్లకు మించదు. దాన్ని గాలి ఎండాకాలంలోనూ కలుపుతూనే ఉంటుంది. పక్కపక్క సరస్సులు కూడా ఒకే వారంలో తిరగబడవు. వేటగాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకుంటే సగం సెలవులు మిగులుతాయి.

నీరు 4 డిగ్రీల దగ్గరే అన్నిటికన్నా బరువుగా ఉంటుందని ఒప్పుకోవడానికి శాస్త్రవేత్తలకే చాలా కాలం పట్టింది. గడ్డకట్టే ముందు నీరు వ్యాకోచిస్తుందని 1683లో విలియం క్రూన్ లండన్ రాయల్ సొసైటీకి చూపిస్తే, రాబర్ట్ హుక్ అంతటివాడు ఒప్పుకోలేదు. చలికి గాజుబుడ్డి ముడుచుకుని నీటిని పైకి తోసిందన్నాడు. తెలివైన అభ్యంతరమే, కానీ తప్పు. ఆ గొడవ తీర్చిన ప్రయోగం 1805లో ఎడిన్‌బరోలో థామస్ హోప్ చేశాడు. గాజు సాగినా ముడుచుకున్నా ఫలితం మారకుండా, నిలువుపాత్రలో పైనా కిందా థర్మామీటర్లు పెట్టి చూశాడు. ఆ హోప్ ఉపకరణం బొమ్మను భౌతికశాస్త్రం పుస్తకంలో చూసినవాళ్ళు మనలోనూ ఉంటారు.

మన నీళ్ళు 4 డిగ్రీల దాకా ఎటూ పోవు. అయినా పొరలు కలవడానికి అంత చలి అక్కర్లేదు. భీమవరం, కైకలూరు చేపల చెరువుల రైతునడగండి. నాలుగు రోజులు ఉక్కపోసి, రాత్రి చల్లటి వాన పడితే తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. పైనీరు చల్లబడి దిగి, ఆక్సిజన్ లేని అడుగు నీరు పైకి కలవడం దానికి ఒక కారణం. ఏరియేటర్ల మోత అప్పుడే మొదలవుతుంది.

ఇప్పుడు వేటగాళ్ళ సిద్ధాంతాలు. ఆగస్టులో మస్కీకి పళ్ళూడిపోతాయనీ, చిగుళ్ళ నొప్పికి తిండి మానేస్తుందనీ పాతకాలం వాళ్ళు గట్టిగా నమ్మేవారు. దాని పళ్ళు ఏడాది పొడవునా ఊడుతూ మొలుస్తూనే ఉంటాయి. చంద్రుడి మీద 2014లో ఒక అధ్యయనం వచ్చింది. మూడు లక్షలకు పైగా మస్కీల రికార్డులు తిరగేస్తే పున్నమి, అమావాస్యల ప్రభావం ఉన్నమాట నిజమే కానీ, చాలా కొంచెం. నాకు ఒళ్ళు మండేది, గాలి పీడనం పడిపోతే చేప బాగా పడుతుందనే భారమితి భక్తులతో. గాలివాన ముందు వాతావరణ పీడనం 20 మిల్లీబార్లు పడిపోవడమే చాలా ఎక్కువ. నీటిలో అంత తేడా 20 సెంటీమీటర్లు పైకీ కిందికీ జరిగితే వచ్చేస్తుంది. చేప రోజుకు ఎన్నిసార్లు జరగదు! పైగా పైక్ కుటుంబానికి గాలితిత్తి నుంచి గొంతుకు గొట్టం ఉంటుంది, ఎక్కువైన గాలిని బయటికి వదిలేయగలదు. గాలివానకు ముందు చేప పడిందంటే మబ్బునో, మసక వెలుతురునో, అలల్నో అనుమానించండి. పీడనాన్ని వదిలేయండి.

తిరగబడటం పూర్తయ్యాక అసలు వేట మొదలవుతుంది. ఆక్సిజన్ అడుగుదాకా అందుతుంది కనుక ఎండాకాలమంతా కొన్ని మీటర్ల మధ్య ఇరుక్కున్న చేపలు ఎక్కడికైనా పోగలవు. నవంబరు చలిలో సిస్కో చేపలు (కంపెనీ కాదు, కొవ్వు పట్టిన వెండిరంగు చేప) గుడ్లు పెట్టడానికి రాళ్ళున్న తక్కువ లోతుల్లోకి గుంపులుగా వస్తాయి. వాటి వెనకే మస్కీలు. చలికి ఆకలి పెరుగుతుందని గైడ్లు చెబుతారు. చల్లటి నీటిలో మస్కీ జీర్ణక్రియ మందగిస్తుంది కాబట్టి నాకా మాట మింగుడుపడదు. తిండి ఒకేచోట పోగుపడటం, వసంతంలో పెట్టబోయే గుడ్ల కోసం ఆడచేప అప్పటికే బరువెక్కుతుండటం, ఈ రెండూ చాలు ఆ పెద్ద పెద్ద నవంబరు చేపలకు.

ప్రయోజనమేమిటంటారా? వందల డాలర్లు పోసి పెట్టెనిండా ఎరలు కొనే మనిషి పొడుగుతాడు కట్టిన థర్మామీటరు మాత్రం కొనడు. పడవలోని యంత్రం సాధారణంగా చూపేది పైనీటి వేడి ఒక్కటే, దాంతో సగం కథే తెలుస్తుంది. పైన ఒకసారి, అడుగున ఒకసారి కొలవండి. రెండు అంకెలూ ఒకటైతే ఆ సరస్సు కలిసిపోయినట్టే, నీరు తేటపడగానే గాలం తీసుకుని పోవచ్చు.