బొల్లి మచ్చలు – మన ఆడపడుచులు

నూలు ధర, రంగుల ధర, రిబేటు సంగతులు వ్రాయవలసిన పత్రికలో చర్మవ్యాధి గొడవ ఏమిటని కొందరు అడుగవచ్చును. మగ్గం గుంటలో కూర్చునేది మగవాడైనా, కండెలు చుట్టి, ఆసు పోసి, పడుగుకు గంజి పెట్టి ఆ మగ్గాన్ని నడిపించేది ఇంటి ఆడవారే. వారిలో ఒకరు నలుగురిలోకి రాలేక మూల కూర్చుంటే అది సంఘానికి పట్టవలసిన సంగతే. అందుచేత బొల్లిని గురించి నాలుగు మాటలు వ్రాయదలచినాము.

బొల్లి ఆడవారికీ మగవారికీ సమానంగానే వస్తుంది. సుమారు నూటికి ఒకరికి ఉంటుందని వైద్యుల లెక్క. దాదాపు సగం మందికి 20 ఏండ్లు నిండకముందే మొదలవుతుంది. అంటే సరిగ్గా సంబంధాలు చూసే వయస్సుకు ముందు. మగపిల్లవానికి మచ్చ వస్తే సంబంధం ఆలస్యమవుతుంది. ఆడపిల్లకు వస్తే ఆగిపోతుంది. చెల్లెళ్ల పెండ్లిళ్లకు కూడ అడ్డు వస్తుందని తల్లులు ఆ మచ్చలను పొడుగు చేతుల రవికలో దాచడం మేము ఎరుగుదుము. మచ్చ కొత్తగా ఉన్నప్పుడే వైద్యం బాగా పట్టుతుంది. దాచిన ఆ ఏడాదే అసలు నష్టం.

మచ్చ ఎందుకు వస్తుంది?

రోగాలనుండి మనలను కాపాడవలసిన శరీర రక్షణ శక్తి, చర్మానికి రంగునిచ్చే కణాలనే శత్రువులనుకొని చంపివేస్తుంది. రంగు పట్టని నూలు తెల్లగా మిగిలినట్లే ఆ చోట చర్మం తెల్లబడుతుంది. పాలు త్రాగి చేపలు తిన్నందువల్ల గాని, పూర్వజన్మ పాపంవల్ల గాని వచ్చేది కాదు. అంటువ్యాధి అంతకన్నా కాదు. ఆమె చుట్టిన కండెకూ, వండిన అన్నానికీ ఏ దోషమూ లేదు. కుష్ఠు వేరు, ఇది వేరు. కుష్ఠు మచ్చలో స్పర్శ తగ్గుతుంది. బొల్లి మచ్చలో తగ్గదు. కుష్ఠు కూడ నేడు మందులతో నయమయ్యేదే. తల్లికి బొల్లి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం కొంత ఎక్కువే గాని, ఎక్కువమంది బిడ్డలకు రాదు.

వైద్యం

మొదట పూతమందులు ఇస్తారు. మచ్చలు ఎక్కువైతే యంత్రం ద్వారా అతినీలలోహిత కిరణాలను వారానికి రెండు మూడు సార్లు, నెలల తరబడి పట్టిస్తారు. ముఖం మీద రంగు బాగా తిరిగి వస్తుంది. వ్రేళ్ల కొనలకూ పెదవులకూ రావడం కష్టం. రెండు నెలలకే గుణం లేదని మానరాదు. ఏడాదిపాటు పెరగక నిలిచిన మచ్చలకు చర్మం అతికే చికిత్స కూడ ఉన్నది. రుక్సోలిటినిబ్ అనే పూతమందుకు 2022లో అమెరికాలో అనుమతి లభించినది. అయితే మానిన మచ్చ తిరిగి రావచ్చును. పూర్తిగా పోగొడతానని మాట ఇచ్చి డబ్బు గుంజేవారిని నమ్మవద్దు.

బావంచాలను పెద్దలు ఊరకే వాడలేదు. వాటిలోని సొరాలెన్ ఎండతో కలిసి చర్మంపై పనిచేస్తుంది. కాని కొలత తప్పితే బొబ్బలెక్కి, ఆ పుండు పడిన చోటనే కొత్త మచ్చ లేస్తుంది. వైద్యుడు లేకుండా వాడరాదు. బొల్లి ఉన్నవారిలో కొందరికి థైరాయిడ్ జబ్బు కూడ ఉంటుంది గనుక రక్తపరీక్ష చేయించాలి. గర్భిణులు ఆ సంగతి ముందే వైద్యునికి చెప్పాలి.

ఇంట జాగ్రత్తలు

రాపిడి తగిలిన చోట మచ్చ పుట్టవచ్చును. పావడా బొందు బిగించి కట్టరాదు. కొన్ని అంటించే బొట్టు బిళ్లల జిగురు వల్ల నుదుట తెల్లమచ్చ వస్తుంది, కుంకుమ మేలు. అమెరికాలో తోలు పనివారికి రబ్బరు తొడుగుల్లోని మందు వల్ల చేతులు తెల్లబడినవని 1939లోనే కనుగొన్నారు. కాబట్టి అద్దకం పనివారు తొడుగు వల్ల చర్మం రంగు మారితే వెంటనే దానిని మార్చాలి. తెల్లమచ్చ ఎండకు త్వరగా కాలుతుంది. మన నేతబట్ట కప్పుకొంటే మేలు.

ఎవరిని చూడాలి?

ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలోని చర్మవ్యాధుల విభాగంలో చూపించండి. సోలాపూరులోనూ, బరంపురంలోనూ అటువంటి ఆసుపత్రులున్నవి. యానాంవారికి కాకినాడ దగ్గర.

ఇక పెండ్లి మాట. 1955 హిందూ వివాహ చట్టం విడాకులకు చెప్పిన కారణాలలో బొల్లి పేరు లేదు. కుష్ఠు పేరు ఉండేది. దానిని కూడ 2019లో తీసివేశారు. చట్టం వదిలిన దానిని మనం పట్టుకొని వ్రేలాడడం న్యాయమా? పిల్లవైపువారు దాచకుండా చెప్పాలి. పిల్లవానివైపువారు విని, పిల్ల గుణమూ పనితనమూ చూడాలి. ఇంట మచ్చ కనబడితే ఆ వారమే వైద్యునికి చూపించండి. తోడు వెళ్లేవారు లేకపోతే సంఘంలో చెప్పండి. సంఘమున్నది అందుకే.