పాత మోటారు సైకిలు: క్రాంక్ షాఫ్టును ఎవరి చేతికి ఇవ్వవలెను?

విద్యుత్తు మోటార్లు వ్యాపించక పూర్వం అనంతపురం మెట్టసీమలో బావినీటిని పైకి తోడిపెట్టినవి నూనె ఇంజన్లు. వాటిని బాగుచేస్తూ లేతు పనిలో చేయితిరిగిన మేస్త్రీలు ఈ ప్రాంతంలో తయారైనారు. అందుచేత తాతగారి నాటి బులెట్టు ఇంజను అడుగున 'టకటక'మని శబ్దం వినిపించగానే దానిని ఆ మేస్త్రీ వద్దకే తీసుకొనిపోవటం సహజం. అయితే నూనె ఇంజను క్రాంకు వేరు, మోటారు సైకిలు క్రాంకు వేరు. ఈ భేదం తెలిసికొనక పని అప్పగించినచో, మరల దొరకటం కష్టమైన భాగాలను చేజేతులా పాడుచేసుకొన్నవార మవుతాము.

పిస్టను పైకీ క్రిందికీ ఆడుతుంది. ఆ కదలికను చక్రభ్రమణంగా మార్చేది క్రాంక్ షాఫ్టు. నూనె ఇంజనులో ఇది సాధారణంగా ఒకే ఉక్కు ముక్క. అరిగిన చోట సానపట్టి, తగిన సైజు బేరింగు వేస్తే సరిపోతుంది. 1955లో మద్రాసులో స్థాపితమైన ఎన్‌ఫీల్డ్ ఇండియా వారి పాత బులెట్టులోగాని, 1996 వరకు మైసూరులో నడచిన ఐడియల్ జావా కర్మాగారపు బండ్లలోగాని అట్లా కాదు. రెండు బరువైన చక్రాలు, వాటిని కలిపే క్రాంక్ పిన్ను, దానిపై తిరిగే కనెక్టింగ్ రాడ్డు - వీటిని విడివిడిగా చేసి కూర్చుతారు. బిగ్ ఎండ్ బేరింగు అరిగినప్పుడు అంతా విడదీసి, కొత్త పిన్నుతో మరల కూర్చవలెను. అప్పుడు రెండు వైపుల షాఫ్టులూ ఒకే సరళరేఖలో నిలవవలెను. షాఫ్టును రెండు మొనల మధ్య నిలిపి, డయల్ గేజి ఆనించి త్రిప్పినప్పుడు ముల్లు ఊగటం 0.05 మిల్లీమీటరుకు మించకుండా చూడటం మంచి పనివారి అలవాటు. మనం వ్రాసుకొనే కాగితపు మందంలో అది సుమారు సగం.

తరువాతది తూకం. పిన్నూ, రాడ్డు క్రింది కొసా గుండ్రంగా తిరుగుతవి. వాటికి ఎదురుగా చక్రంలో తగిన బరువు ఉంచితే చాలును. పిస్టను సంగతి వేరు. దాని బరువుకంతటికీ ఎదురుబరువు పెట్టినచో నిలువు అదురు పోయి, ముందువెనుకల అదురు పుడుతుంది. కనుక ఒంటి సిలిండరు ఇంజనులో ఆ బరువులో ఇంచుమించు సగము మొదలు మూడింట రెండు వంతుల దాకా మాత్రమే సరితూచి, అదురును రెండు దిక్కులకూ పంచుతారు.

లిస్టరు తరహా నూనె ఇంజను నిమిషానికి 650 చుట్లు తిరుగుతుంది. బులెట్టు పూర్తి వేగాన 5,200 చుట్లు అందుకొనగలదు. వేగం 8 రెట్లయినప్పుడు, అంతే తూకపు తేడా లాగే బలం 64 రెట్లవుతుంది. అక్కడ చెల్లిన పొరపాటు ఇక్కడ చెల్లదు.

కనుక లేతు ఉన్నదా అని కాక, పనివానిని మూడు ప్రశ్నలు అడుగవలెను. కూర్చిన షాఫ్టును ఏ సాధనంతో సరిచూస్తారు? పిస్టను బరువులో ఎంత వంతు సరితూచుతారు? చక్రంలో ఎక్కడ తొలుస్తారు? సుత్తితో కొట్టి, కంటితో చూచి సరిపెట్టేవారికి ఈ పని ఇవ్వరాదు. తగినవారు దగ్గర లేనిచో 200 కిలోమీటర్ల పైచిలుకు దూరాన బెంగుళూరు ఉన్నది. చెన్నై, మైసూరు, కోయంబత్తూరులలోనూ విచారింపవచ్చును. ఊరి పేరును కాక, అతడు లోగడ కూర్చిన ఇంజను ఏడాది తరువాత ఎట్లా నడుస్తున్నదో చూచి నమ్మవలెను. షాఫ్టుతోపాటు వాడబోయే పిస్టనునూ, రింగులనూ, పిస్టను పిన్నునూ తప్పక పంపవలెను. అవి లేనిదే తూకం కుదరదు. పాత చక్రాలు బాగున్నంతవరకు మార్చనీయరాదు.

ఈ జాగ్రత్త కేవలం సుఖప్రయాణం కొరకు కాదు. నడిరోడ్డున రాడ్డు తెగినచో అది క్రాంక్ కేసును చీల్చుకొని బయటపడవచ్చును. రిజిస్ట్రేషను పత్రంలో వ్రాసియున్న ఇంజను నంబరు చెక్కబడి ఉండేది ఆ కేసుపైననే. అది పగిలినచో పోయేది ఒక భాగం మాత్రమే కాదు, బండి పుట్టుక గుర్తు కూడాను. శబ్దం వినిపించిన నాడే ఇంజను ఆపి, తగిన పనివాని కొరకు నెల రోజులు వేచియుండటం మేలు.